ఉదయగిరిదుర్గము – తుపాకిమందు మోతాదు

నెల్లూరుమండలమునకుఁ బడమటిగోడవలె నిలిచిన వెలికొండల చెంత నుదయగిరి కలదు. దానికి నాగ్నేయదిశను, పెన్నకు నుత్తరముగా ఆత్మకూరు. ఈ రెంటి నడిమినేల వాన తక్కువయు నెండ యెక్కువయునైన మెట్టసీమ. ఉదయగిరికొండ యెత్తు 3,079 అడుగులు. కొండపై నెనిమిదియు, దిగువ నైదును, వెరసి పదుమూఁడు కోటలు గలిసి యొక్క దుర్గమైనవి. కొన్నిచోట్లఁ గొండచఱియ యించుమించు వేయియడుగులు నిట్టనిలువుగా దిగును.

ఇట్టి దుర్గమును గృష్ణదేవరాయలు గెలిచెనన్న మాట వినఁగానే ఫిరంగులు మ్రోయుటయు, గోడలు గూలుటయు వినువాని మనస్సునకుఁ దోఁచును. కథలు చెప్పువారు నట్లే చెప్పుదురు. ఆ యుద్ధమున మందుగుండు ఎంతపని చేసెనో విచారింపక యీ చిత్రమును జరిత్రమున నిలుపుట తగదు. దీనికిఁ దోడుగా మఱియొక వాదము కలదు. పూర్వులు శతఘ్నులను, నాలికములను బ్రయోగించిరి గనుక తుపాకి యీ దేశముననే పుట్టినదని సంస్కృతగ్రంథములఁ జూపి వాదించువారు నేఁటికిని గలరు. మొదటిది కథకుల యూహ. రెండవది పండితుల యూహ. రెంటిని దూఁచుటకుఁ దగిన త్రాసు తుపాకిమందే. ఏ పాళ్లతో మందు చేసిరి, ఎంత మోతాదు గొట్టములోఁ గూరిరి యను ప్రశ్నను శబ్దార్థవిచారముతోఁ గలిపి చూచినచోఁ జిక్కుముడులు గొన్ని విడిపోవును.

ముందుగా ముట్టడి వృత్తాంతము. పోర్చుగీసువాఁడగు ఫెర్నావో నూనిజ్ పదునాఱవ శతాబ్ది పూర్వార్ధమున విజయనగరమున వసించి వ్రాసిన చరిత్రమును రాబర్టు సూయల్ 1900 సంవత్సరమున నాంగ్లమునఁ బ్రకటించెను. నూనిజ్ చెప్పిన దాని సారమిది: రాయలు 34,000 కాల్బలమును, 800 ఏనుఁగులను దీసికొని వచ్చెను. కోటలో 10,000 కాల్బలమును, 400 గుఱ్ఱములును మాత్రముండెను. అంతకు మించిన బలము దానికక్కఱలేదు. ఏలయన నది యాఁకలిచేతఁ దప్పఁ బట్టువడెడి చోటు కాదు. రాయలు ఏడాదిన్నర ముట్టడించి, పెద్ద ఱాళ్లను బగులఁగొట్టించి, కోటబురుజులను జేరుటకు దారులు వేయించెను. 1513లో మొదలైన యీ ముట్టడి 1514 జూన్ నెలలో ముగిసెను. ప్రతాపరుద్రగజపతికిఁ బినతండ్రి వరుసయైన తిరుమల రాహుత్తరాయఁడు చిక్కెను. కోటలోని బాలకృష్ణవిగ్రహమును రాయలు విజయనగరమునకుఁ గొనిపోయి, కృష్ణస్వామియాలయమునఁ బ్రతిష్ఠించెను. ఆ విగ్రహము నేఁడు చెన్నపురి ప్రభుత్వవస్తుప్రదర్శనశాలయందున్నది.

ఈ వృత్తాంతమున ఱాళ్లు పగులఁగొట్టిన మాట కలదు గాని ఫిరంగి మాట లేదు. చెప్పకుండుట లేకుండుట కాదని యాక్షేపింపవచ్చును. అందులకు సమాధానము నూనిజే రాయచూరు యుద్ధమును వర్ణించుచోట నిచ్చుచున్నాఁడు. 1520లో, అనఁగా నుదయగిరి పట్టువడిన యాఱేండ్లకు, రాయలు రాయచూరికోటను ముట్టడించినపుడు గోడలమీఁదఁ బెద్దఫిరంగులున్నది లోపలివారికి. వెలుపలి రాయలసేన గునపములతో, గడ్డపాఱలతో గోడ ఱాళ్లను బీకుచుండెను. పీకినవానికి ఱాతికింత యని బహుమానము. చిత్తరువు మాఱినది క్రిస్తోవావో ద ఫిగెయిరేదు వెంటవచ్చిన కొలఁదిమంది పోర్చుగీసు తుపాకివాండ్రు గోడమీఁది కావలివారిని గుఱిచూచి కొట్టఁగా. గోడను గూల్చుటకుఁ దగిన ఫిరంగులు 1520లోనే ముట్టడి చేయువారి చేతిపనిగాఁ గానరానపుడు, 1514లో నుదయగిరి నిట్టనిలువు చఱియలక్రింద వానిని నిలుపుట యే యాధారముమీఁద? ఆ దుర్గమును లోఁగొన్నవి దారియు, నాఁకలియు.

అట్లని విజయనగరమువారు మందు నెఱుఁగరనుట సరికాదు. 1443లో వచ్చిన పారసీకరాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి యుత్సవమున బాణసంచా విరివిగాఁ గాల్చుటను జూచి వ్రాసియున్నాఁడు. మందు కలదు. అది యాకాశమునఁ బూవులు పూయించుచుండెను. గోడను బగులఁగొట్టుటకుఁ గావలసినది మందు మాత్రమే కాదు. దాని బలమున కోర్చు గొట్టమును, ఆ గొట్టమునకుఁ దగిన మోతాదు నెఱిఁగిన చేయియుఁ గావలెను.

తెలుఁగున నీ సాధనముల పేళ్లను జూచినను నీ క్రమమే తేలును. ‘తుపాకి’ తురుష్కభాషనుండి పారసీకముద్వారమున వచ్చినది. పాశ్చాత్యులైన ఫ్రాంకులను బారసీకులు ‘ఫరంగు’లనిరి, వారివస్తువు ‘ఫిరంగి’ యయ్యెను. ‘తూటా’ హిందూస్థానీ మాట. తుపాకిని ‘బారుచేయు’టలోని ‘బారు’ నట్టిదే. ‘మందు’ మాత్రము దేశ్యము. రోగికిచ్చునదియు, త్రాగుఁబోతు త్రాగునదియు, గొట్టములోఁ గూరునదియుఁ దెలుఁగున నొక్క మందే. పారసీకమున ‘దారూ’ శబ్దమునకు నీ మూఁడర్థములును గలుగుట గమనింపఁదగినది. ఇఁక ‘మోతాదు’: అరబ్బీయమున దీని మూలమునకు ‘అలవాటైనది, వాడుకయైనది’ యని యర్థము. వైద్యుఁడును గోలందాజును ఈ శబ్దమును సమముగాఁ బంచుకొనిరి. మోతాదనఁగా గ్రంథమువలనఁ దెలియునది గాదు, వాడి తెలిసికొన్నదని యా శబ్దమే చెప్పుచున్నది.

సంస్కృతవాదమునకు వత్తము. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాధ్యాపకుఁడైన గస్టావ్ ఆపర్టు 1880లోఁ బ్రాచీనహిందువుల యాయుధములను గూర్చి యొక గ్రంథమును వ్రాసి, 1882లో శుక్రనీతిని ముద్రించెను. శుక్రనీతిలో లఘునాలికము, బృహన్నాలికము అని రెండు గొట్టములు వర్ణింపఁబడినవి. లఘునాలిక మైదుజానల నిడివిది. కాల్బలమును రౌతులును ధరింతురు. బృహన్నాలికము బండిమీఁద నుండును. మందునకు ‘అగ్నిచూర్ణ’మని పేరు. సువర్చిలవణ మైదుపలములు, గంధక మొకపలము, పొగ వెలికిఁబోకుండఁ గాల్చిన జిల్లేడు జెముడు మున్నగువాని బొగ్గు ఒకపలము దానికిఁ బాళ్లు. లవణమును నాలుగు గాని యాఱు గాని పాళ్లుగాఁ గొనవచ్చునని వికల్పము. ఈ భాగమునే యాధారముగాఁ జేసికొని యాపర్టు తుపాకిమందునకు భారతదేశమే పుట్టినిల్లని సాధింపఁజూచెను.

ఆ పాళ్లను నూటికి మార్చి చూతము. ఐదు, ఒకటి, ఒకటి యైనచో లవణము నూటికి 71కిఁ బైచిలుకు. ఆఱైనచో సరిగా 75. నాలుగైనచో 67కు దగ్గఱ. పంతొమ్మిదవ శతాబ్దిలో నాంగ్లప్రభుత్వపు మందునకు లవణము 75, బొగ్గు 15, గంధకము 10. చీనాదేశమున 1044 నాఁటి యుద్ధగ్రంథమున లవణము సగమునకు దగ్గఱగా నుండెను. ఐరోపాలోఁ బదుమూఁడవ శతాబ్దిలో రోజర్ బేకను పేర వ్యవహరించు పాళ్లలో నూటికి 41. నాఁటినుండి క్రమముగాఁ బెరిగి 75 చెంత నిలిచినది. ఏలయన బొగ్గును గంధకమును నిశ్శేషముగాఁ గాల్చుటకుఁ గావలసిన ప్రాణవాయువు ఆ కొలఁది లవణముననే దొరకును. అక్షరముల తలకట్టును జూచి శాసనకాలమును నిర్ణయించు రీతిగా లవణభాగమును జూచి మందు వయస్సు నూహింపవచ్చును. శుక్రనీతి పాళ్లు బాల్యదశలోనివి గావు. లాటినుభాషలోని యొక పాత గ్రంథమున 67వంతు లవణము కన్పట్టుచున్నందున నీ యొక్క హేతువుచేతనే కాలము నిర్ణయింపఁ జనదు. అయినను నింతకంటె బలమైన హేతువు శుక్రనీతి శ్లోకముననే కలదు.

లఘునాలికము మొదట నుండు చెవిని వర్ణించుచు గ్రంథకర్త, యంత్రపు దెబ్బచే నగ్గిని బుట్టించు ‘గ్రావ’మును, చూర్ణమును నది ధరించుననుచున్నాఁడు. గ్రావమనఁగా ఱాయి. ఇది చెకుముకితుపాకి గాక వేఱుకాదు. చెకుముకితుపాకికి ముందు మండుచున్న త్రాఁటిని, అనఁగా జామగీని, రంజకమునకుఁ దాఁకించి పేల్చు తుపాకి చిరకాలము వ్యవహారమున నుండెను. చెకుముకికీలు ఐరోపాలోఁ బదునేడవ శతాబ్ది యారంభమునఁ బుట్టినది. కాఁబట్టి యీ శ్లోకములు దానికిఁ బూర్వపువి కాఁజాలవు. 1962లో లల్లన్‌జీ గోపాల్ శుక్రనీతి యంతయుఁ బంతొమ్మిదవ శతాబ్ది గ్రంథమని హేతువులఁ జూపి వ్రాసెను. గ్రంథమంతటి మాట యెట్లున్నను, నాలికప్రకరణముమాత్రము కడు నవీనమనుట నిర్వివాదము.

ఇంకొక చిక్కు నామములది. సుశ్రుతాదివైద్యగ్రంథములలో యవక్షారమనఁగా యవలను గాల్చిన బూడిదనుండి దీసిన క్షారము. దానిని గంధకముతో బొగ్గుతోఁ గలిపి యెంత నూఱినను బేలదు. మంటకుఁ బ్రాణవాయువును విడుచు గుణము దానికి లేదు. అనంతరకాలపు గ్రంథములలో నీ యవక్షారశబ్దమే పెట్లుప్పునకు, అనఁగా సురేకారమునకుఁ బెట్టఁబడినది. ‘సువర్చి’ సంగతియు నట్టిదే; సౌవర్చలము వైద్యులకుఁ బచనద్రవ్యము, శుక్రనీతికర్తకుఁ బేలుడు లవణము. పాతగ్రంథమున యవక్షారము, గంధకము, అంగారము అని మూఁడు పేళ్లొక్కచోఁ గనఁబడినంతనే తుపాకిమందు దొరకెనని సంతోషించుట సాహసము. శబ్దసామ్యము వస్తుసామ్యము గాదు. శతఘ్నియు నట్లే. నూర్వురను జంపునది యను యోగార్థము ఫిరంగికిఁ జక్కఁగాఁ బట్టును. కాని కౌటిలీయవ్యాఖ్యాతలు దానిని గోటగోడపై నుంచు ములుకులు దిగఁగొట్టిన పెద్దకంబముగా వివరించిరి. యోగమును నమ్మి రూఢిని విడుచుట శాస్త్రము నెఱిఁగినవారు చేయఁదగని పని.

పెట్లుప్పు అను నర్థమున యవక్షారశబ్దము స్పష్టముగాఁ గానవచ్చు గ్రంథములలో నొకటి యుదయగిరికి దగ్గఱి చుట్టము. అది కౌతుకచింతామణి. దానిని రచించినవాఁడుగాఁ బ్రసిద్ధుఁడైనవాఁడు ప్రతాపరుద్రదేవగజపతి. 1497లో రాజ్యమునకు వచ్చిన యితని కోటయే 1514లో రాయలు గైకొన్న యుదయగిరి. పూనా భండార్కరు సంస్థయందుఁ బనిచేసిన పరశురామకృష్ణ గోడే 1953లో భారతదేశపు బాణసంచా చరిత్రమును వ్రాయుచు నీ గ్రంథమునందలి యోగములను వెలికిఁ దీసెను. కల్పవృక్షబాణము, చామరబాణము, చంద్రజ్యోతి, పుష్పవర్తి, తీక్ష్ణనాళము మున్నగు పేళ్లతో నందు బాణములు చెప్పఁబడినవి. గంధకము, యవక్షారము, అంగారము, వెలుఁగుపూవులకై ఉక్కుపొడి, పచ్చని మంటకై చిలుము, పొడిని నిలుపుటకు అన్నపుముద్ద, గొట్టమునకు వెదురు – ఇవి ద్రవ్యములు. ఒక్కొక్క బాణమునకు వేఱువేఱు పాళ్లు. తన దక్షిణదుర్గము ఏడాదిన్నర ముట్టడింపఁబడిన రాజుపేర వెలసిన గ్రంథమున మందు వెదురుగొట్టమునఁ గలదే కాని యినుపగొట్టమున లేదు. పుస్తకము పేరే కౌతుకము. వినోదగ్రంథము యుద్ధవిషయమును జెప్పలేదని దానిని దప్పుపట్టఁబోము. అయినను మందు నూఱువాని నేర్పు నాఁడు ప్రధానముగా నెటు దిరిగియుండెనో దీనివలనఁ దెలియుచున్నది.

పాలు వేఱు, మోతాదు వేఱు. పాలు ద్రవ్యముల పరస్పరసంబంధము. అది యొకసారి నిలిచినచో శ్లోకమునఁ గట్టవచ్చును. మోతాదు మందునకును, గుండునకును, గొట్టమునకును గల సంబంధము. పాళ్లొక్కటే యైనను బొగ్గు మాఱినచో, పొడి నలుసు పెద్దదైనచో, చెమ్మ తగిలినచో బలము మాఱును. అందుచేత శుక్రనీతి మందు పాళ్లను నిర్ణయించి, గొట్టమును దుడిచి మందు గూరి గుండు వేయు క్రమమును జెప్పినంత సులువుగా మోతాదును జెప్పఁజాలదు.

ఉదయగిరి యాత్మకూరు సీమల వంటి చోట మందు నడక యెట్లు మాఱునో యించుక చూడవలెను. పెట్లుప్పు చవుటినేలలనుండి, పాడుపడిన గోడల మంటినుండి, పశువులదొడ్ల మట్టినుండి తెలుఁగుదేశమున దీయఁబడుచుండెను. ఉప్పరులకిది కులవృత్తులలో నొకటి. మట్టిని నీటితో వడిచి, ఆ నీటిని గాఁచి చల్లార్చినచోఁ బెట్లుప్పు కణములు గట్టును. ఇందలి యుపాయము చక్కనిది. తినెడి యుప్పు వేఁడినీటను జల్లనినీటను నించుమించు సమముగానే కరఁగును. పెట్లుప్పు మాత్రము మరుగునీటఁ గరఁగినదానిలో నెనిమిదవవంతైనను జల్లనినీట నిలువదు. కావున చల్లారునపుడు దిగునది పెట్లుప్పు, నీటనే నిలుచునది తినెడి యుప్పు. ఒక్కసారి కాఁచిన పెట్లుప్పునకును, మూఁడుసారులు కాఁచినదానికిని వెల వేఱు, బలము వేఱు. శుద్ధి చాలనిది కార్తెవానలలోఁ జెమ్మ పీల్చి నీరుగారును. బొగ్గునకు జిల్లేడును గందికట్టెయుఁ బ్రసిద్ధములు. బంగాళమున ఇచ్ఛాపురపు మందుశాలలో నాంగ్లేయులును గందికట్టెబొగ్గునే వాడిరి. శుక్రనీతిలోని జిల్లేడు పల్లెలోని బాణసంచావానికిని దెలిసినదే. గంధకము మాత్రమిచ్చట దొరకదు. ఓడలమీఁద వచ్చి రేవులనుండి బండ్లకెక్కవలెను. ఇన్నిచోట్ల నిన్నివిధముల మాఱు వస్తువునకు గ్రంథమున నొక్క మోతాదు వ్రాసియుంచుట కుదరని పని. క్రొత్తమందు వచ్చినపుడెల్ల మునుపటికంటెఁ దక్కువ పోసి పేల్చి చూచుటయే యెక్కడనైనను బుద్ధిమంతుల పద్ధతి. అట్లు చేయనివాని గొట్టము పగిలెడిది.

ఐరోపాలోను మోతాదు చిరకాలము గుండు బరువును బట్టియే యుండెను. తొలినాళ్ల బలహీనపుమందును గుండుతో సమానపు బరువుగాఁ బోసిరి. మందు బలపడినకొలఁది మోతాదు తగ్గి, పంతొమ్మిదవ శతాబ్దినాఁటికి ఫిరంగికి గుండు బరువులో మూఁడవవంతు వాడుకయైనది. 1742లో బెంజమిన్ రాబిన్స్ వ్రేలాడు బరువైన పలకమీఁదికి గుండును గొట్టి, పలక యూఁగినకొలఁదిని బట్టి గుండు వేగమును గణించు సాధనమును బ్రకటించెను. అంతవఱకు మోతాదు చేతివాడుక, అటుపిమ్మట గణితవిషయము.

ఉదయగిరి 1640 తర్వాతి దశకమున గోలకొండ యబ్దుల్లా కుతుబుషాహి సేనానియగు మీర్‌జుమ్లా విజయములలోఁ జేరిపోయెను. ఆ మీర్‌జుమ్లాయే పెన్నకు నెగువనున్న గండికోటను 1650లోఁ గైకొని, ఫ్రెంచివాఁడైన మాయే యనువానిచేఁ బెద్దఫిరంగులు పోఁతపోయింపఁ బ్రయత్నించెను. దేవాలయముల తామ్రవిగ్రహములను గరఁగింప మొదలిడియు నొక్క ఫిరంగినైన నతఁడు సమకూర్పలేకపోయెనని తావెర్నియే వ్రాసినాఁడు. కాలము మాఱినదనుటకు సాక్ష్యమిది. రాయలనాఁడు కోట గెలుచువాఁడు గునపమును వెదకె. నూటముప్పదేండ్లకు ఫిరంగిని వెదకె, అది దొరకకున్నను.

మఱి రెండుశతాబ్దులకు మందుగుండు పేరనే యుదయగిరి కథ ముగిసినది. 1839లోఁ గందనవోలు నవాబు గులాం రసూల్‌ఖాను కోటలో ఫిరంగులను, తుపాకులను, మందును బెద్దయెత్తునఁ గూడఁబెట్టి దాఁచెనని కంపెనీవారు కనుఁగొనిరి. అక్టోబరు నెలలో నతఁడు పట్టువడి, తిరుచిరాపల్లికిఁ బంపఁబడి, మఱుసటియేఁడచ్చటనే హత్యచేయఁబడెను. ఉదయగిరి జాగీరుదారు ఈ కుట్రలోఁ జేరెనని నేరము మోపి, కంపెనీవారతనిని జెంగల్పట్టునకుఁ బంపి, జాగీరును గలుపుకొనిరి. పదుమూఁడు కోటలలో నొక్కదానికైన గుండు తగులలేదు. దాఁచిన మందు పేలకయే రాజ్యములను గూల్చెను.

ఇఁక తూటాల కాలము. 1853 నాఁటి యెన్‌ఫీల్డుతుపాకికి 530 గ్రెయిన్ల సీసపుగుండు, రెండున్నర డ్రాముల, అనఁగా 68 గ్రెయిన్ల మందు. దీని కాగితపుతూటాకుఁ బూసిన క్రొవ్వే 1857 కలహమునకు నిప్పురవ్వయైనది లోకవిదితము. 1866లో వచ్చిన స్నైడరునకు 480 గ్రెయిన్ల గుండు, 70 గ్రెయిన్ల మందు. 1871లో వచ్చిన మార్టినీ-హెన్రీకి 480 గ్రెయిన్ల గుండు, 85 గ్రెయిన్ల మందు. గ్రెయినన్న కొలత పరాయిదిగాఁ దోఁచినచోఁ దులములోనికి మార్చుకొనవచ్చును. తులము 180 గ్రెయిన్లు, 96 గురివెందలు. మార్టినీ మందు 45 గురివెందల యెత్తు, అరతులమునకు లోపల. గుండు రెండుతులములపై మూఁట రెండువంతులు. గుండులో నించుమించు ఆఱవవంతు మందన్నమాట. స్నైడరునకు నేడవవంతు, ఎన్‌ఫీల్డునకు నెనిమిదవవంతు. పాత చెకుముకితుపాకికి రంజకముతోఁ గూడ మూఁడవవంతు పోయుచుండిరి. ఆ గుండు గొట్టమున వదులుగా నుండుటచేతను, కీలునొద్దను జెవినొద్దను మందు వృథాయగుటచేతను నట్లు కావలసివచ్చెను.

తూటాతో మోతాదు సిపాయి చేతినుండి మందుశాలకుఁ బోయినది. తూఁచువాఁడు వేఱు, పేల్చువాఁడు వేఱు. ఒకే మార్టినీ జాతిలోనే పొట్టితుపాకికి 70 గ్రెయిన్ల మందును, 410 గ్రెయిన్ల గుండును వేఱు తూటాగాఁ జేసిరి. గుఱ్ఱపురౌతు భుజమంత తాఁకుడు నోర్వఁజాలదని. అమెరికావారు 1873లోఁ జేకొన్న తూటాకు 70 గ్రెయిన్ల మందు, 405 గ్రెయిన్ల గుండు. రౌతునకు మందు 55 గ్రెయిన్లకుఁ దగ్గింపఁబడినది. 1857 తర్వాత నాంగ్లసిపాయికంటె నొకతరము పాతయైన తుపాకినే దేశీయసిపాయికిచ్చుట ప్రభుత్వనీతి. 1878 ఆయుధచట్టముతో గ్రామస్థుని తుపాకికి ననుమతిపత్రము వచ్చినది. అడవిపందులనుండి పంటను గాచుకొనుటకు వెలికొండల చెంతవంటి యూళ్లలో ననుమతింపఁబడునది మూతినుండి బారుచేయు నాటుతుపాకియే. మందుశాలలో మార్టినీ మోతాదు గురివెంద తప్పక తూఁగుచుండఁగా, చేనిగట్టుమీఁది కాఁపు మోతాదు చేతివాటముగానే నిలిచినది. 1972 వన్యప్రాణిచట్టము వేఁటను మాన్పినది. తుపాకిపై నేఁడు వర్తించునది 1959 నాఁటి ఆయుధచట్టము.

ఈ మోతాదులను మరల బరీక్షించుచున్నవారు విదేశములలోఁ గలరు. ఇటలీలోని పెడెర్సోలి, ఉబెర్తి మున్నగువారు పాత తూటాతుపాకులకుఁ బ్రతిరూపములను జేయుదురు. వానిని గొన్నవారు నల్లమందుతో గుఱిపోటీలాడుదురు. పుస్తకమున 85 అని యున్నది గదా యని వారు 85 పోసి యూరకుండరు. మార్టినీ మొదటి తూటా పలుచని యిత్తడిరేకును జుట్టి చేసినది; నేఁటిది దిటవైన యొక్కముద్ద యిత్తడినుండి లాగి తీసినది. లోపలి చోటు సమము గాదు. మందునకును గుండునకును నడుమ ఖాళీ యుండరాదు. ఉన్నచో గొట్టము ఉబ్బుట, పగులుట కూడఁ గలదు. కావున వారు తక్కువ మోతాదుతో మొదలిడి, మిగిలిన చోటిని గోధుమరవ్వతో నింపి, కొంచెము కొంచెముగా మందును బెంచుచు, గుండ్లు లక్ష్యమున దగ్గఱదగ్గఱగాఁ బడునపు డాఁగుదురు. తెలుఁగున ‘రవ’ సన్నతుపాకిగుండునకును బేరు, వంటింటి నూకకును బేరు. ఈ రెండు రవలు నొక్క గొట్టమునఁ గలియుట నిఘంటుకారుఁడూహింపని సంగతి. గుండు లోహమునకును మోతాదు కలదు. మార్టినీగుండు పండ్రెండుపాళ్ల సీసమున కొకపాలు తగరము. ఉత్తసీసము ఆ వేగమునకు గొట్టపు గాళ్లను బట్టక జాఱును.

వీరి యనుభవములలోఁ బ్రాచీనగ్రంథపాఠకునకు మిక్కిలి పనికివచ్చునది మసి. నల్లమందు పూర్తిగా వాయువు గాదు. నోబుల్, ఏబెల్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు 1875లోఁ బ్రకటించిన పరిశోధనమువలన, మందు బరువులో సగమునకుఁ బైగా ఘనపదార్థముగా మిగులునని తెలిసినది. అది గొట్టము లోపలఁ బేరుకొనును. చలిదేశమునఁ జెమ్మచే మెత్తగా నుండును. ఎండదేశమునఁ బెంకువలె గట్టిపడును. మూఁడు నాలుగు గుండ్లు పేల్చునప్పటికి గుఱి చెడును. అందులకై వారు ప్రతిపేలుడునకుఁ బిమ్మట నొక చిన్నగొట్టముతో నోటియూపిరిని లోనికూఁది, ఆ చెమ్మచే మసిని మెత్తఁబఱతురు. గుండునకుఁ దేనెమైనమును గొవ్వును బూయుదురు. ఎన్‌ఫీల్డుతూటాకుఁ గ్రొవ్వు పూయుటకుఁ గారణము నిదియే. శీతలదేశమున సరిపడిన మోతాదును నెల్లూరు పడమటిసీమ వేసవిలోఁ బేల్చినచో గుండు మసిలోఁ జిక్కి గతి దప్పును; ఉదయగిరిని గాచిన యే కాలపు గోలందాజైనను దుడుచుటకు నీటిబానను దగ్గఱ నుంచుకొని యుండవలెను.

శుక్రనీతి నాలికప్రకరణమున బారుచేయు క్రమమునకు మొదటిమాట గొట్టమును శోధించుట. వట్టి యూహచే వ్రాయువానికి ముందుగా నీ మాట తోఁచదు. మందు, గుండు, లక్ష్యము నివియే తోఁచును. ఆ శ్లోకములను గట్టినవాఁడు మసిపట్టిన తుపాకిని జేతఁ బట్టినవాఁడో, పట్టినవానిని జెంతనుండి చూచినవాఁడో యగుట నిశ్చయము. ఆ తుపాకికిఁ జెకుముకిఱాయి యుండుటయు నంతే నిశ్చయము.